జర్మన్‌లో ఒక ఆదివారం

రెండు వేల నాలుగు ప్రాంతంలో కర్ణాటకలోని మా చింతామణిలో ఒక రహస్యం దాచుకోవడానికి భాష దొరకడం మహా కష్టంగా ఉండేది. పరభాషను ఉద్యోగం కోసమో విజ్ఞానం కోసమో నేర్చుకుంటారని పుస్తకాల్లో రాస్తారు. నేను మాత్రం మా అవ్వకు తెలియకుండా నా భార్యతో మాట్లాడుకోవడానికి జర్మన్ మొదలుపెట్టాను. కొత్తగా పెళ్లయింది, ఉమ్మడి కుటుంబం. తెలుగు, కన్నడ, మండీలో వాడే ఉర్దూ అందరికీ వచ్చు. చిన్నమ్మ పుట్టినిల్లు కోలారు అవతల, తమిళనాడు అంచున కనుక తమిళం కూడా చెల్లదు. ఇంగ్లీషుకు మా తమ్ముడు కాపలా. నంది కొండకు మేమిద్దరమే వెళ్లిరావాలన్నది నా కోరిక. (‘ఇద్దరమే’ అన్న మాటను మా ఇంట్లో అంతకుముందు ఎవరైనా వాడినట్టు ఆధారం లేదు.)

బెంగళూరు నుంచి పుస్తకమూ క్యాసెట్టూ తెప్పించాను. లెక్కల గుమాస్తాను కనుక అంకెలు, వారాలు, గడియారపు వేళలు ముందు కంఠస్థం చేశాను. తేదీ, వేళ తేలితే మిగిలిన భాష దానంతటదే వస్తుందని నా నమ్మకం. బాగేపల్లి పిల్ల అయిన నా భార్య మాత్రం పుస్తకాన్ని తోచిన చోట తెరిచి చదివేది. అది పద్ధతి కాదన్నాను. “మీరు గడియారం నేర్చుకోండి, నేను మాట్లాడేది నేర్చుకుంటా” అంది.

ఒక మధ్యాహ్నం అందరూ రాగిముద్ద తింటుండగా, ఆదివారం ఉదయం ఆరు గంటలకు నందికి, మనిద్దరమే, అని జర్మన్‌లో నిబ్బరంగా ప్రకటించాను. పక్కన అనపగింజలు ఒలుస్తున్న అవ్వ తల ఎత్తకుండానే ఓరకంట చూసింది.

“ఏమప్పా, నందికి ఆరింటికే పోవల్లనా? చలి కదా.”

“నీకెట్లా తెలిసె అవ్వా?”

“నంది యా భాషలో అయినా నందే కదప్పా. పెండ్లాం యాడ తప్పు వింటాదో అని ఆరు వేళ్లు గూడా సూపిస్తివి. ఆదివారం కాకుండా నీకు సెలవు ఇంకెప్పుడుండాది? వ్యాను మాట్లాడు. నేనూ నందీశ్వరుణ్ణి సూసి శానా దినాలాయె.”

“చిత్రాన్నం నేను కలుపుతా” అని చిన్నమ్మ లేచింది.

కొండ మీద పొగమంచులో, అంతమంది మధ్య, నా భార్య దగ్గరకు వచ్చి మెల్లగా ఒక జర్మన్ వాక్యం చెప్పింది. అది గడియారానికి సంబంధించింది కాదు. అర్థమైనట్టు గంభీరంగా తల ఊపాను. ఆమె ఆశ్చర్యపోయి మళ్లీ చెప్పింది. నాకు మరింత ఆనందం కలిగింది. మూడోసారి చెప్పేటప్పుడు ఆమె కళ్లలో కనిపించిన ఆతృతను నేను అనురాగమనే నమోదు చేసుకున్నాను.

ఆ వాక్యపు శబ్దాన్ని మనసులో పెట్టుకుని, దాని కోసం పుస్తకాన్ని మొదటి పుట నుంచి వరుసగా చదివాను. నా అసలైన భాషాభ్యాసం ఆ ఆదివారం నుంచే మొదలైంది. వానాకాలంలో దుస్తుల పాఠానికి చేరుకున్నాను. “మీరు చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నారు.”

ఆనాడు మా తమ్ముడు తీసిన ఫొటో ఇప్పటికీ గోడ మీద ఉంది. అందరూ చలికి ముడుచుకుని నిలబడ్డారు. చొక్కా అంచు ఒకవైపు పైకి, ఒకవైపు కిందికి వేలాడుతున్న ఒకడు మాత్రం, వలపు మాట మూడుసార్లు చెప్పించుకున్నవాడిలా వెలిగిపోతున్నాడు. తప్పులు దిద్దడమే జీవితమంతా నా వృత్తి. అయినా వాడికి ఆ వాక్యానికి అర్థం చెప్పడానికి ఇప్పటికీ నాకు మనసు రాదు.