మా మరిది గారు నాకు పెట్టించిన బ్రేకు

మా మరిది గారు పోయారు. పొద్దున్నే మా తోడికోడలు గోడ అవతల నుంచి, "అక్కా, ఈయన లేవట్లేదు, ఓసారి వస్తారా" అని పిలిచింది. గొంతు మామూలుగానే ఉంది. కరివేపాకు రెబ్బ అడిగినట్టే ఉంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. ఎవరు పిలిచినా నేను అలాగే పరుగెత్తుతాను. ఎప్పుడూ అక్కడ ఏమీ ఉండదు, నవ్వి పంపించేస్తారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాకు చదువు తక్కువ. వరసగా చెప్పడం రాదు. అయినా ఆయన గురించి ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే గుండెల్లో రాయి ఉన్నట్టుంది.

మాది ముక్తేశ్వరం అవతల లంక ఊరు. ఊరికీ రోడ్డుకీ మధ్య గోదావరి పాయ మీద కాజ్‌వే ఉంది. వరదొస్తే దాని మీద నుంచి నీళ్ళు పారతాయి. మా ఆయనకి కిడ్నీలు రెండూ పోయాయి. రోజు విడిచి రోజు అమలాపురం వెళ్ళి మిషను మీద రక్తం కడిగించుకోవాలి. ఒక్కసారి మానితే ఒళ్ళు వాచిపోతుంది, ఊపిరి అందదు. ఇన్నాళ్ళూ తీసుకెళ్ళి తీసుకొచ్చింది మా మరిది గారే. కువైట్‌లో ఒక అరబ్బుల ఇంట్లో ఏళ్ళ తరబడి డ్రైవరుగా చేసి వచ్చిన మనిషి. వచ్చాక గొప్ప బండేమీ కొనలేదు. వీధికి రెండు కనబడే చిన్న కారు, అదీ ఎవరో వాడి అమ్మింది.

వెళ్ళేటప్పుడు మా ఆయన వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని పడుకునేవారు. నేను ముందు కూర్చునేదాన్ని. రోడ్డు కనబడకపోతే నాకు ప్రాణం నిలవదు. గేదె కనబడితే "గేదె" అనేదాన్ని. లారీ కనబడితే "లారీ" అనేదాన్ని. ఆయన "ఆయ్, చూసేనండీ" అనేవారు. దారి పొడుగునా అన్నా అదే నెమ్మది. నా కుడికాలు మాత్రం అక్కడేదో బ్రేకు ఉన్నట్టు కింద రేకుని తొక్కుతూనే ఉండేది.

"వదినగారూ, కాస్త నెమ్మదండీ. కారుకి కన్నం పడిపోతే అన్నయ్యని నడిపించుకెళ్ళాలి" అనేవారు.

కిందటేడు వరద తీస్తున్న రోజుల్లో ఒక పొద్దున కాజ్‌వే మీద ఇంకా పాదాలు మునిగేటన్ని నీళ్ళున్నాయి. ఆగితే మా ఆయనకి ఆయాసం. నెమ్మదిగా దాటాం. అవతల గట్టెక్కి దిగుతుంటే కొబ్బరికాయలు కట్టుకున్న సైకిలాయన అడ్డంగా వచ్చాడు. మరిది గారు బ్రేకు తొక్కారు. నేనూ తొక్కాను. కారు ఆగలేదు. జారుతూ జారుతూ వెళ్ళి సైకిలు వెనక చక్రానికి ఆనుకుని అప్పుడు నిలబడింది. కాయలు గట్టు కిందకి దొర్లాయి.

"కాయలు కావాలంటే అడగొచ్చు కదండీ బాబూ, గుద్ది తీసుకోవాలేంటండీ!" అన్నాడు సైకిలాయన.

మరిది గారు దిగి, పంట్లాం పైకి మడుచుకుని, బురదలోంచి కాయలన్నీ ఏరి ఇచ్చారు. మళ్ళీ వచ్చి కూర్చున్నారు గానీ బండి తియ్యలేదు.

"వెనక చక్రాలకున్నవి డ్రమ్ములండీ. మూతేసిన డబ్బాల్లాంటివి. నీళ్ళు దూరితే ఓ పట్టాన బయటికి రావు. తడిసినంతసేపూ పట్టవు" అన్నారు. వెనక్కి తిరిగి వాళ్ళన్నయ్యని చూశారు. మా ఆయనకి ఇదేమీ తెలీదు, నిద్రలో ఉన్నారు. "ఈ బ్రేకులతో ఈయన్ని ఈ నీళ్ళు దాటించకూడదండీ" అన్నారు.

ఆ నెలలోనే వెనక డ్రమ్ములు తీయించేసి నాలుగు చక్రాలకీ డిస్కులు, మూతల్లేని ఇనప పళ్ళేలు, వేయించారు. ముందువి కూడా పెద్దవి. ఈ కారుకి అలాంటివి రావట. రాజమండ్రి వెళ్ళి ఇంకో పెద్ద బండి సామాను ఏరి తెచ్చుకున్నారు. అమలాపురంలో మా ఆయన మిషను మీద ఉండగా నన్నూ మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళారు.

"ఈ బండికి ఇంత సోకెందుకండీ? ఇది అమ్మేసి కొత్తది కొనుక్కోండి" అన్నాడు మెకానిక్కు.

"బండి బాగానే వెళ్తందండీ. వెళ్ళడం గురించి నాకు బెంగ లేదు."

"మరి బెంగ ఎవరికండీ?"

ఆయన నా వైపు చూపించారు. మెకానిక్కు నన్ను ఎగాదిగా చూసి, జాకీ తెచ్చుకున్నాడు.

డిస్కులు వేశాక కూడా వెంటనే మమ్మల్ని ఎక్కించుకోలేదు. వెనక బ్రేకు ముందుగా పట్టేస్తే బండి గిరుక్కున తిరిగిపోతుందట. మెకానిక్కుని పక్కన కూర్చోబెట్టుకుని జొన్నాడ దాకా వెళ్ళి, మనుషుల్లేని రోడ్డు మీద ఆపి చూసి, విప్పి, బిగించి, మళ్ళీ ఆపి చూశారు. చక్రాల మీద బకెట్లతో నీళ్ళు పోయించి మరీ చూశారట.

తర్వాత ఇంట్లో వాళ్ళన్నయ్యకి చూపిద్దామని ఒక చక్రం విప్పారు. అద్దంలా మెరుస్తోంది లోపల పళ్ళెం. అందరం చూశాం. మరిది గారు అన్నానికి లేచారు. ఆయన తిని వచ్చేలోపు మా తోడికోడలు, కొత్త సామాను కదా అని, పసుపు రాసింది. ఉత్త పసుపు ఇనుము మీద నిలవడం లేదని కొబ్బరినూనెలో కలిపి రాసింది. మా ఇళ్ళలో కొబ్బరినూనెకి కరువేముంది, అరచేత్తో పోసి నిండుగా రాసింది. పైన కుంకంబొట్లు.

మరిది గారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి అలాగే నిలబడిపోయారు.

"నా బ్రేకులకి తలంటు పోసేసేవేంటే!" అన్నారు.

"మంచిదేగా?" అంది ఆవిడ.

"మంచిదేనే. ఇంక ఆగదు, తిన్నగా స్వర్గానికే" అని ఆయన నేల మీద కూలబడి నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. జబ్బు చేశాక ఆయన అలా నవ్వడం చూసింది ఆ ఒక్కసారే. పళ్ళాన్ని పెట్రోలుతో కడిగారు. దాన్ని పట్టుకునే బ్రేకు ముక్కలు నూనె పీల్చేశాయి, అవి పారేసి మళ్ళీ కొత్తవి తెచ్చారు. ఆవిణ్ణి ఒక్కమాట అనలేదు. పైనున్న చక్రం రేకు చూపించి, "బొట్టు ఇక్కడ పెట్టుకోవే, ఎంతైనా పెట్టుకో" అన్నారు. ప్రతి శుక్రవారం పెట్టేది.

ఆ బ్రేకులొచ్చాక ఆగడమే మారిపోయింది. ముందుకి తూలడం లేదు, తల కొట్టుకోవడం లేదు. మిషను మీద నుంచి వచ్చేటప్పుడు మా ఆయన పీల్చేసిన చెరుకుపిప్పిలా పడి ఉండేవారు. ఆయన కన్ను తెరవకుండా కారు ఆగేది. "గట్టి బ్రేకు ఉండేది గట్టిగా తొక్కడానిక్కాదండీ వదినగారూ, మెత్తగా తొక్కడానికి" అనేవారు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు ఆటోలో వెళ్తుంటే అర్థమవుతోంది.

నా కాలు మాత్రం ఊరుకోలేదు. ఒకరోజు ఎక్కి కూర్చుంటే కాలి కింద ఏదో మెత్తగా తగిలింది. చూస్తే, ఆయన పాత బ్రేకు పెడలు మీది రబ్బరు. అరిగిందని తీసేసిన దాన్ని నేను తొక్కే చోటే అంటించారు.

"ఇది మీదండీ. నాది నేను చూసుకుంటాను, మీది మీరు చూసుకోండి" అన్నారు.

నేను నవ్వలేదు. సిగ్గేసింది కూడా. కానీ ఆ రోజు నుంచీ గేదెనీ లారీనీ పైకి అనడం తగ్గింది. భయమొస్తే రబ్బరు తొక్కేదాన్ని. నా భయాన్ని వెక్కిరించనిది లోకంలో ఆయనొక్కరే. దానికి కాలు పెట్టుకోవడానికి ఒక చోటు ఇచ్చారు.

ఆయనకో అలవాటుండేది. ఇంటికొచ్చాక హ్యాండుబ్రేకు వేసేవారు కాదు. వెనక చక్రానికి ముందూ వెనకా కొబ్బరి చెక్కలు అడ్డం పెట్టి, గేరులో వదిలేసేవారు. వానల్లో హ్యాండుబ్రేకు బిగించి రోజుల తరబడి ఉంచితే డిస్కుకి ముక్కలు తుప్పుతో అంటుకుపోతాయి అనేవారు. ఎంత వానైనా తడుస్తూ వంగి చెక్కలు పెట్టిగానీ లోపలికి వెళ్ళేవారు కాదు.

చివరి రోజు అమలాపురం నుంచి తీసుకొచ్చి మమ్మల్ని దింపారు. దారిలో ఎక్కువ మాట్లాడలేదు. నేను మా ఆయన్ని పట్టుకుని మెట్లెక్కుతున్నాను. వెనకాల కర్రుమని హ్యాండుబ్రేకు లాగిన చప్పుడు వినబడింది. ఆయన చెక్కలకోసం వంగలేదు. గుండెల మీద చెయ్యి పెట్టుకుని లోపలికి వచ్చేశారట, మా తోడికోడలు తర్వాత చెప్పింది. ఆకు కదిలితే ఉలిక్కిపడే దాన్ని, ఆ చప్పుడికి వెనక్కి తిరిగి చూడలేదు. తెల్లారేసరికి ఆయన లేరు.

కర్మలయ్యేదాకా కారు జోలికి ఎవరూ వెళ్ళలేదు. వానలు కురుస్తూనే ఉన్నాయి. తర్వాత ఊళ్ళో డ్రైవరొకాయన, "నేను తీసుకెళ్తానండీ పెద్దమ్మగారూ" అని వచ్చాడు. హ్యాండుబ్రేకు దింపాడు, ఇంజను వేశాడు. కారు వెనకభాగం కుంగింది గానీ చక్రం తిరగలేదు. సుత్తితో కొట్టారు. ఒకవైపు ఊడింది, రెండోవైపు లోపలేదో విరిగింది. బిగించిన మెకానిక్కు కువైట్ వెళ్ళిపోయాడట. వేరే ఆయన వచ్చి కిందకి దూరి చూశాడు.

"ఇది ఈ బండి సామాను కాదండీ. ఎక్కణ్ణుంచి తెచ్చేరు?"

"ఆయనకే తెలుసండీ" అన్నాను.

"పోనీ పాత డ్రమ్ములున్నాయా అండీ?"

పాత ఇనపసామాను వాడికి ఎప్పుడో వేసేశాం. ఆయన చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. చూస్తానన్నాడు. రాలేదు.

ఇప్పుడు ఆటోలో వెళ్తున్నాం. గోతిలో పడ్డప్పుడల్లా మా ఆయన మూలుగుతారు. అటుమొన్న, "ఇవాళ్టికి మానేద్దామే" అన్నారు. నేను ఒప్పుకోలేదు. నిన్న మళ్ళీ అన్నారు, గోడ వైపు తిరిగి. ఆటో వచ్చి, నిలబడి, ఖాళీగా వెళ్ళిపోయింది. పైన వరద వస్తోందంటున్నారు. కాజ్‌వే మునిగితే ఆటో కూడా రాదు.

సాయంత్రం వాన తెరిపిస్తే వెళ్ళి కారులో నా చోట కూర్చున్నాను. చక్రం మీద బొట్టు వానకి కారిపోయింది, మా తోడికోడలు మళ్ళీ పెట్టలేదు. లోపల పళ్ళేలు పసుపు రాసినట్టే ఉన్నాయి, తుప్పుతో. హ్యాండుబ్రేకు డ్రైవరు దింపిన చోటే ఉంది. కొబ్బరి చెక్కలు గోడవార తడుస్తున్నాయి. ఇంట్లో మా ఆయన దగ్గు వినబడుతోంది. నా కాలు దానంతటదే రబ్బరు మీదకి వెళ్ళింది. దాని మీద గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. చీకటి పడేదాకా తొక్కి పట్టుకుని కూర్చున్నాను.