రంగు రాని పొడి

మా కాలేజీ ల్యాబులో రంగుకు ఉన్న మర్యాద మనిషికి లేదు. ఇంటర్ రెండేళ్లూ అక్కడే చదివాను కాబట్టి చెప్పగలను. ప్రాక్టికల్స్ అంటే సార్ ఇచ్చిన ఉప్పేదో కనిపెట్టడం, కనిపెట్టడమంటే పరీక్షనాళికలో రంగు తెప్పించడం. నీలం వస్తే రాగి, ఎరుపు వస్తే ఇనుము, పసుపు వస్తే సీసం. ఏమీ రాకపోతే సున్నా. రంగు రానివాళ్లు పక్క బల్ల నుంచి నాలుగు చుక్కలు అడిగి తెచ్చుకునేవాళ్లు, పొరుగింట్లో పెరుగు తోడు అడిగినట్టు. అడగడానికి సిగ్గు లేదు, ఇచ్చేవాళ్లకు కాస్త గొప్ప కూడా. ఆ చదువు నాకు బాగానే ఒంటబట్టింది.

రెండో సంవత్సరంలో ఒకరోజు కెమిస్ట్రీ సార్ ఆస్పిరిన్ చేయిస్తానన్నారు. తలనొప్పికి అందరూ మింగే మాత్రే. సిలబస్‌లో లేదు. హైదరాబాదులో ఒక సైన్స్ ప్రదర్శన ఉందని, ఎవరి పొడి బాగా వస్తే ఆ బల్లవాళ్లిద్దరినీ తీసుకుపోతానని చెప్పారు.

బల్లకు ఇద్దరం. నా జత అమ్మాయి మిరుదొడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్లది వ్యవసాయం, మాది సిద్దిపేటలోనే బట్టల దుకాణం. ఆమెకు ఫార్మసీ చదవాలని పట్టు. ఇంట్లోవాళ్లు మాత్రం ఊరికి దగ్గర్లో డిగ్రీ చాలంటున్నారు. ప్రదర్శన నుంచి ఒక సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తే నాయిన మెత్తబడతాడని ఆమె నమ్మకం. ఇంకా పొడి చేయకముందే, హైదరాబాదు పంపడానికి ఒప్పుకుంటూ ఆయనతో కాగితం మీద సంతకం కూడా పెట్టించుకుని వచ్చింది. నాకైతే హైదరాబాదంటే ఒక పూట క్లాసులు తప్పడం, అంతే. కానీ ఆమె వెళ్లాలని నాకూ గట్టిగానే ఉండేది.

సాలిసిలిక్ యాసిడ్ అనే తెల్లపొడిని తూచాం. ముక్కు బద్దలయ్యే వాసనొచ్చే ద్రవమొకటి సార్ స్వయంగా పోశారు. వేడి నీళ్లలో పెట్టాం. తర్వాత బాగా చల్లబరచాలి. కాలేజీలో ఫ్రిజ్ లేదు కాబట్టి గేటు బయట చెరుకురసం బండి దగ్గరికి ఐసు కోసం నన్ను పంపారు. బండాయన ముందు గిరాకీ చూసుకుని, ఆ తర్వాత గడ్డ పగలగొట్టి ఇచ్చాడు. సార్ బోర్డు దగ్గర చివరి పరీక్ష గురించి చెప్పింది సరిగ్గా అప్పుడే. తిరిగొచ్చాక ఎవరినైనా అడగొచ్చు, అడగలేదు. పరీక్ష ఏదైతేనేం, రంగు రావాలి, అంతే కదా అనుకున్నాను.

ద్రవం చల్లబడి తెల్లటి గింజలు కట్టాక వాటిని కడిగే పని ఆమెది. చల్లటి నీళ్లతో ఒకసారి కడిగింది. స్పిరిట్‌లో కరిగించి, మళ్లీ గింజ కట్టనిచ్చి, ఇంకోసారి కడిగింది. పక్క బల్లలవాళ్లు అన్నం డబ్బాలు తెరిచినా ఆమె కదల్లేదు. పొడి ఎండాక, గాజుసామాను తోమడానికి బయటి నల్లా దగ్గరికి వెళ్లింది.

నాకు ఆగబుద్ధి కాలేదు. చిటికెడు పొడి కరిగించి, చివరి పరీక్షకని సార్ బల్ల మీద పెట్టించిన ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేశాను. రంగు రాలేదు. ఇంకో చుక్క వేశాను. ఆ చుక్కల పసుపే తప్ప ఏమీ లేదు. వెనక బల్ల మీద ఒక నాళిక నేరేడుపండు రంగులో మెరిసిపోతోంది. ఆ బల్లవాళ్లే హైదరాబాదు పోతారని ఖాయం చేసుకున్నాను. నా జత అమ్మాయి తెచ్చుకున్న సంతకం కాగితం గుర్తొచ్చింది.

మొదట వాడిన సాలిసిలిక్ యాసిడ్ సీసా బల్ల చివరే ఉంది. అందులోంచి చిటికెడు తీసి చుక్క వేసి చూస్తే నేరేడు రంగొచ్చింది. అదీ తెలుపే, ఇదీ తెలుపే. ఒక చెంచా తీసి మా పొడిలో వేసి గాజుకడ్డీతో కలిపేశాను. మళ్లీ పరీక్షిస్తే నేరేడు రంగు. ప్రాణం లేచొచ్చింది.

సార్ వచ్చి తన చేత్తో మా పొడి తీసి చుక్క వేశారు. చిక్కగా ఊదా రంగు తిరిగింది. ఆయన వెనక బల్లకు వెళ్లారు. వాళ్ల దగ్గర రెండు నాళికలున్నాయి. పోల్చి చూడడానికి మొదటి యాసిడ్‌నే వేసుకున్న నాళిక ఊదాగా ఉంది. వాళ్లు చేసిన పొడి ఉన్నదాంట్లో రంగు లేదు. సార్ ఆ రంగు లేనిదాన్ని పైకెత్తారు.

"చూడున్రి. రంగు రానిదే మందు. ఊదా వచ్చిందంటే మొదలేసిన యాసిడ్ ఇంక మిగిలున్నట్టే."

"నేను రెండుసార్లు కడిగిన సార్" అంది నా జత అమ్మాయి. అప్పుడే కడిగిన గాజుగిన్నె ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"కడిగినవ్ గని సరిపోలే బిడ్డా" అన్నారు సార్. మెత్తగానే అన్నారు. వెనక బల్లవాళ్ల పేర్లు రాసుకున్నారు.

నేను చెప్పాల్సింది ఒక్క ముక్క. చెప్తే క్లాసంతా నవ్వుతుంది, సార్ తిడతారు, అంతకు మించి ఏమీ కాదు. ఆమె పేరు మాత్రం నిలబడుతుంది. ఇదంతా అప్పుడే తెలుసు. అయినా చెప్పలేదు. నాకు భయమేసింది. ఏడుపొచ్చింది. ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఏడ్వకే. నేనే మంచిగ కడగలే. నీ తప్పేం లేదు."

ఆమె తర్వాత సిద్దిపేటలోనే డిగ్రీలో చేరింది. సర్టిఫికెట్ ఉంటే వాళ్ల నాయిన ఫార్మసీకి ఒప్పుకునేవాడో లేదో నాకు తెలియదు. ఒప్పుకునేవాడు కాదని చాలాసార్లు అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సులువు. ఫోన్లో ఇప్పటికీ మాట్లాడుకుంటాం. ఆ చెంచా సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ ఏడాది రికార్డు పుస్తకం నా దగ్గరే ఉంది. ఆస్పిరిన్ పేజీ అడుగున, లోపాలు అని రాసిన చోట, "కడగడం సరిపోలేదు" అని ఉంటుంది. ఆ మాట మొదట ఆమె తన రికార్డులో రాసుకుంది. నేను పక్కనే కూర్చుని, దాన్ని చూసి, పొల్లు పోకుండా ఎక్కించాను.