ఎవరికీ అర్థం కాని ఏడుపు

అమెరికాలోని ఎడిసన్‌లో పెళ్లి కుదిరిందంటే హాలు కన్నా ముందు కృష్ణవేణిని బుక్ చేసుకోవాలని తెలుగువాళ్లలో ఒక మాట ఉంది. ఆమె పని చీర కట్టడం. పెళ్లికూతుళ్లకు, వాళ్ల అమ్మలకు, అరంగేట్రం అమ్మాయిలకు కడుతుంది. ఒకసారి ఒక తెల్లజాతి వియ్యపురాలికి కూడా కట్టి, ఆవిడ చేత పదడుగులు నడిపించి మరీ పంపింది. ఇంటి బేస్‌మెంట్‌లో నిలువెత్తు అద్దం, ఇస్త్రీ బల్ల, డబ్బా నిండా పిన్నీసులు ఉంటాయి. కింద మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు సర్దే మనిషిని చూస్తే అమ్మాయిలకు ఎందుకో మనసు విప్పాలనిపిస్తుంది. ఈ పెళ్లి ఇష్టం లేదని ఒకరు చెబుతారు, గ్రీన్ కార్డు కోసమే ఒప్పుకున్నానని ఇంకొకరు చెబుతారు. మన ఆంటీలలో చాలామంది నోట్లో నువ్వుగింజ నానదు. కృష్ణవేణి నోట్లో మాత్రం ఏళ్ల తరబడి నానుతుంది. ఆ మంచిపేరు ఆమెకు ఊరికే రాలేదు. ఒకే ఒక్కసారి నోరు జారింది, ఆ ఒక్కసారికే జన్మకు సరిపడా బుద్ధి వచ్చింది.

అది ఇరవై ఎనిమిదేళ్ల కిందటి మాట. పల్నాడులో చెల్లెలు శాంతి పెళ్లి. కొత్తగా పెళ్లయిన కృష్ణవేణి అత్తగారింటి నుంచి ఆ పెళ్లికే వచ్చింది. శాంతి ఆమెను పెరట్లోకి లాక్కెళ్లి, తను ప్రేమించిన అబ్బాయితో నాలుగింటి మాచర్ల బస్సుకు వెళ్లిపోతున్నానని చెవిలో చెప్పింది. ఇంకా నాలుగు కాకముందే శాంతి కనబడలేదు. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. చెల్లెలు ఏదమ్మా అని ఒక్కసారి అడిగాడు. కృష్ణవేణి బస్సు పేరు చెప్పేసింది. శాంతిని బస్టాండులో పట్టుకుని తెచ్చి, తెల్లవారుజామున పీటల మీద కూర్చోబెట్టారు.

ఏడాది తిరక్కముందే శాంతి పురుగుల మందు తాగింది. పోలీసు కాగితంలో 'కడుపునొప్పి భరించలేక' అని రాయించారు. మన పేపర్లు చదివేవాడెవడైనా తెలుగు ఆడపిల్లలందరికీ పుట్టుకతోనే కడుపునొప్పి అనుకుంటాడు. వాకిట్లో పోలీసులు ఉన్నారని, ఏడుపులో ఏ మాట బయటపడుతుందోనని భయపడి, నోరు మూసుకుని ఏడవమన్నాడు నాన్న. మన వైపు ఆడవాళ్లు శవం మీద పడి రాగం తీసి, మాటలు అల్లి ఏడుస్తారు. శాంతికి ఆ ఏడుపు కూడా దక్కలేదు.

అమెరికా వచ్చాక కృష్ణవేణి ఆ కాగితంలో మందు తాగిన సంగతి కూడా కత్తిరించేసి, కడుపునొప్పిని మాత్రం ఉంచుకుంది. ఇక్కడే పుట్టిన కూతురు హంసిక ఫొటో చూసి అడిగినప్పుడల్లా, పిన్ని కడుపునొప్పితో పోయిందనే చెప్పింది. భర్త రామమోహన్‌కు మందు సంగతి తెలుసు, బస్సు సంగతి తెలియదు. బస్సు సంగతి ఏదో ఒకరోజు హంసికకు తెలిసిపోతుందేమోనన్నదే కృష్ణవేణి భయమంతా. కూతురు తనను ఆ కళ్లతో చూస్తే బతకలేననుకునేది.

ఇలాంటి ఇంటికి కిందటి శీతాకాలం ఆద్య వచ్చింది. కుటుంబ స్నేహితుల అమ్మాయి, హంసిక కన్నా మూడేళ్లు పెద్ద. మెడిసిన్ చదవమంటే సంగీతం చదివి తల్లిదండ్రుల పరువు తీసిందని మనవాళ్లు అనుకునే పిల్ల. ఒపేరా రాస్తున్నానంది. మన పద్యనాటకం లాంటిదే, మాటలు కూడా పాటలోనే ఉంటాయని వివరించింది. కథ ఒక పాత స్పానిష్ విషాద నాటకంలోది. పెళ్లిరోజే పెళ్లికూతురు పాత ప్రేమికుడితో పారిపోతుంది. ఇద్దరు మగవాళ్లు పొడుచుకుని చస్తారు, ఆడవాళ్లు ఏడుస్తూ మిగులుతారు. ఆద్య దాన్ని తెచ్చి మిరపతోటల మధ్య పెట్టింది. పాటగత్తెలకు చీరలు కట్టాలి ఆంటీ, అంది.

కథ విన్నప్పుడే కృష్ణవేణి వద్దనాల్సింది. అనలేదు. రిహార్సల్స్‌కు వెళ్లి ఆరుగురికి చీరలు కట్టింది. ఒపేరా పాడేవాళ్లు కడుపులోంచి ఊపిరి లాగుతారని, నడుము దగ్గర రెండు వేళ్ల సందు వదలాలని మొదటిరోజే కనిపెట్టింది. తల్లి వేషం వేసిన మెక్సికన్ ఆవిడ ఆ సందుకు మురిసిపోయి ఆమెను కావలించుకుంది.

ఒకరోజు బేస్‌మెంట్‌లో చీరలు మడతపెడుతుంటే, మీ ఊళ్లో చావుకి ఆడవాళ్లు ఎలా ఏడుస్తారని ఆద్య అడిగింది. ఊరికే ఏడుపెలా వస్తుందని కృష్ణవేణి నవ్వింది. రాగం ఎలా ఉంటుందో చూపిద్దామని ఒక కూత తీసింది. ఆ తర్వాత తనని తాను ఆపుకోలేకపోయింది.

"నాలుగింటి బస్సని నాకు చెప్తివే చెల్లో... నా నోరు పడిపోను, నాయనకు చెప్తినే చెల్లో... మందు తాగిన నిన్ను కడుపునొప్పంటిమే చెల్లో..."

ఎంతసేపు ఏడ్చిందో ఆమెకే తెలియదు. తేరుకునేసరికి ఆద్య కూడా ఏడుస్తోంది, పక్కన ఫోన్‌లో రికార్డింగ్ నడుస్తోంది. దీన్ని ఒపేరాలో పెట్టుకోనా అని ఆద్య అడిగితే, ససేమిరా వద్దంది కృష్ణవేణి. ఆద్య ఆమె చేతులు పట్టుకుంది.

"తెలుగులోనే పాడతారు ఆంటీ. వచ్చేదంతా అమెరికన్సే. ఎవరికీ అర్థం కాదు, ప్రామిస్."

హంసికకు వచ్చే తెలుగు అన్నం దగ్గరా, తిట్ల దగ్గరా సరిపోతుంది. రాగంలో సాగే ఏడుపు ఆ పిల్ల బుర్రకెక్కదు. కృష్ణవేణి ఆ లెక్క వేసుకుంది. అంతకన్నా బలంగా ఇంకో ఆశ ఆమెను లాగింది. ఇన్నేళ్లకైనా నలుగురి ముందు శాంతి కోసం ఒకరు గొంతెత్తి ఏడుస్తారు. సరేనంది.

ఆ తర్వాత రిహార్సల్స్‌లో నవ్వులే నవ్వులు. మెక్సికన్ ఆవిడ "చెల్లో" అని రాగం తీసినప్పుడల్లా, పెద్ద వయొలిన్ లాంటి చెల్లో వాయించే కుర్రాడు తననే పిలుస్తున్నారనుకుని తలెత్తేవాడట.

ఆదివారం మధ్యాహ్నం ఆట. ఏడుపులు వినడానికి టికెట్టెందుకు, ఆఫీస్ కాల్స్ ఉన్నాయిగా అని రామమోహన్ రాలేదు. కృష్ణవేణి పాటగత్తెలకు చీరలు కట్టేసి వచ్చి హంసిక పక్కన కూర్చుంది. వేదిక పైన సన్నని నల్ల తెర మీద, పాడుతున్న ఇంగ్లీషు మాటలే అక్షరాలుగా వస్తున్నాయి. రిహార్సల్స్‌లో ఆమె దాన్ని చూడలేదు. రాగంలో మాట తెలియదు కదా, పాపం వీళ్లకోసం వేస్తున్నారనుకుంది.

చివర్లో తల్లి వేషం నేల మీద కూలబడి, ఎప్పుడో పోయిన తన చెల్లెల్ని తలచుకుని తెలుగులో మొదలుపెట్టింది. కృష్ణవేణి కళ్లు మూసుకుంది. రాగం తనది, మాట తనది, ఎక్కడా ఒక్క అక్షరం తప్పు పోలేదు. శాంతికి ఏడుపు దక్కిందనుకుంది. అంతలో చుట్టూ ముక్కులు ఎగబీల్చడం వినబడింది. తెలుగు ముక్క రాని తెల్లవాళ్లు ఏడుస్తున్నారు. ఆమె కళ్లు తెరిచి పైకి చూసింది. నువ్వు నన్ను నమ్మి చెప్పావు, నేను నాన్నకు చెప్పాను, నువ్వు విషం తాగితే మేం కడుపునొప్పి అన్నాం, అని తెర మీద శుభ్రమైన ఇంగ్లీషులో ఉంది. హంసిక తెర వైపు చూడటం లేదు. అమ్మ వైపు చూస్తోంది.

చప్పట్లు ఆగకముందే కృష్ణవేణి బయటకు వెళ్లి లాబీలో ఆద్యను పట్టుకుంది. హంసిక వెనకే వచ్చి నిలబడింది. ఎవరికీ అర్థం కాదని మాట ఇచ్చావు కదా అని కృష్ణవేణి అడిగింది. ఆద్య చేతిలో ఎవరో ఇచ్చిన పూలు ఉన్నాయి.

"ఫస్ట్ ఆ పాటకి ట్రాన్స్‌లేషన్ పెట్టలేదు ఆంటీ. ప్రివ్యూలో ఎవరూ ఏడవలేదు. తెర మీద టైటిల్స్ పెట్టాక అందరూ ఏడ్చారు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదే."

"చెప్తే మీరు వద్దంటారని చెప్పలేదు."

దాచకుండా చెప్పింది పిల్ల. అదే కృష్ణవేణిని ఎక్కువ మండించింది. నమ్మించి గొంతు కోశావంది. నీకు చీరలు కట్టిన చేతులు విరగ్గొట్టుకోవాలంది. ఇంత జీవితంలో తనకు ఇంత ద్రోహం ఎవరూ చేయలేదనిపించింది. పార్కింగ్ లాట్‌లోకి వచ్చి, కారు దగ్గర ఆగింది. వెనకే వచ్చిన హంసిక తలుపు తీయలేదు.

"అమ్మా, లాస్ట్ ఇయర్ నా ఎండోస్కోపీ. డాక్టర్ ఫ్యామిలీ హిస్టరీ అడిగాడు. మా పిన్ని ట్వంటీలో స్టమక్‌తో చనిపోయింది అని నేనే చెప్పాను. నువ్వు పక్కనే ఉన్నావ్."

అవును, ఉంది. మందు బిళ్లతో పోయే మామూలు కడుపునొప్పి, ఆ ఒక్క మాటతో పరీక్షల దాకా వెళ్లింది. మూడు వారాలు హంసిక పిన్నిలాగే పోతానని అన్నం మానేసి, రాత్రిళ్లు తల్లి పక్కలో పడుకుంది. కృష్ణవేణి బ్రిడ్జ్‌వాటర్ గుడికి మొక్కుకుంది, శనివారాలు ఉపవాసం ఉంది, పరీక్ష రోజు తనే డ్రైవ్ చేసి తీసుకెళ్లింది. లోపల కూతురి గొంతులోంచి గొట్టం దించుతుంటే బయట కూర్చుని కాఫీ తాగింది. అది జబ్బు కాదే అమ్మా అన్న ఒక్క మాట మాత్రం నోటికి రాలేదు.

"నీకు చెప్తే నన్ను అసహ్యించుకుంటావని..." అంది కృష్ణవేణి.

"యా. నువ్వూ అందుకే చెప్పలేదు," అంది హంసిక. ఆ పిల్ల గొంతులో కోపం కూడా లేదు. "నేను ఆద్యతో వెళ్తా."

కృష్ణవేణి కారు తాళాలు చేత్తో పట్టుకుని నిలబడింది. హంసిక లాట్ దాటి వెళ్లి, ఆద్య కారెక్కి తలుపు వేసుకుంది.