మొవ్వు దాకా ఎక్కినవాడు

దింపు శివనాగరాజు పురుగుమందుల కంపెనీకి అమ్ముడుపోయాడని రాజోలు నుంచి కొత్తపేట దాకా చెప్పుకున్నారు. రెండు లక్షల మంది చూసిన వీడియో తెల్లారేసరికి ఊరికే మాయమవుతుందా అన్నారు. కవరులో పెట్టి ఇచ్చారని ఒకరన్నారు. కాదు, రావులపాలెంలో హోటలుకి తీసుకెళ్ళి మాట్లాడారని ఇంకొకరన్నారు. ఆ హోటల్లో ఏం తిన్నారో కూడా చెప్పగలిగినవాళ్ళున్నారు.

ఆ మాట విజయ చెవిన రేషన్ బండి దగ్గర పడింది. శివనాగరాజు ఆమె మొగుడు. బియ్యం పట్టించుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికొచ్చేసింది.

శివనాగరాజు ఇరవై రెండేళ్ళుగా కొబ్బరి దింపు చేస్తున్నాడు. కాళ్ళకి తాడు బంధం వేసుకుని చెట్టెక్కి, ముదిరిన గెలలు చూసి కోసి పడేస్తాడు. కింద విజయ కాయలు ఏరి పోగు పెడుతుంది. నలభై ఐదు రోజులకి మళ్ళీ అదే తోట. అలా తొమ్మిది తోటలు వాళ్ళ చేతిలో ఉండేవి. ఈ పనికి కత్తి ఎంత ముఖ్యమో మాట అంత ముఖ్యం. తోట సొంతదారు చెట్టెక్కడు. పైన కాయ ముదిరిందో లేదో, పురుగు పట్టిందో లేదో దింపువాడి నోటి నుంచే వినాలి. ఆ నోటి మీద నమ్మకం పోతే తోట పోయినట్టే.

రెండేళ్ళ కిందట శివనాగరాజు ఫోను గుండెకి కట్టుకుని ఎక్కడం మొదలెట్టాడు. చెట్టు తలలో లేతాకు పుట్టే మొవ్వులో కొమ్ముపురుగు ఎక్కడ దూరుతుందో, ఆకు అడుగున తెల్లదోమ ఎలా అంటుకుని ఉంటుందో చూపించేవాడు. యాభై ఏళ్ళ నుంచి తోట ఉండి కూడా తమ చెట్టు తల ఎలా ఉంటుందో ఎరగని రైతులు నోరు తెరుచుకుని చూశారు. అతనికి చదవడం నెమ్మది. సాయంత్రం అన్నాలయ్యాక కామెంట్లు విజయే చదివి వినిపించేది. తిట్లుంటే మింగేసేది. అతను కనిపెట్టి, "మధ్యలో ఒకటి వదిలేసేవ్, అదీ చదువు" అనేవాడు.

పోయిన వేసవిలో, వాళ్ళు దింపు చేసే బుల్లబ్బాయి గారి తోటలో పిందె విపరీతంగా రాలింది. అంతకు ముందే ఆయన తెల్లదోమకని కొత్త మందు కొట్టించాడు. శివనాగరాజు మొవ్వులో కూర్చునే, ఖాళీ అయిపోయిన గెలలు చూపిస్తూ, ఈ మందు కొట్టిన చోట పిందె నిలవలేదు, ఎవరూ కొట్టకండి అని చెప్పాడు. వారం తిరక్కుండా రెండు లక్షల మంది చూశారు.

అప్పటి నుంచి అతన్ని తూచడానికి ఒక్కొక్కరు ఒక్కో తక్కెడ పట్టుకొచ్చారు.

మందుల షాపు దుర్గాశ్రీనివాస్ అంతకు ముందు శివనాగరాజుని మెట్టు కింద నిలబెట్టి మాట్లాడేవాడు. ఇప్పుడు బండేసుకుని ఇంటికే వచ్చి, అరుగు మీద కూర్చుని, విజయ ఇచ్చిన టీ తాగాడు. చెప్పినది నిజమా కాదా అని ఒక్క మాట అడగలేదు. ఎంతమంది చూశారో, ఎంతసేపు చూశారో అడిగాడు. తన షాపులో ఉన్న ఇంకో మందు గురించి మంచిగా ఓ వీడియో చెయ్యమన్నాడు. శివనాగరాజు అది కొట్టిన చెట్టు నేనింకా ఎక్కలేదండి అన్నాడు. ఎక్కక్కర్లేదయ్యా, చెబితే చాలు అన్నాడాయన. అదెలాగండి అని ఇతను నవ్వేశాడు. ఆ నవ్వు దుర్గాశ్రీనివాస్ మర్చిపోలేదు.

తోటి దింపువాళ్ళ లెక్క వేరు. పొద్దెక్కేలోపు ఎన్ని చెట్లెక్కావన్నదే వాళ్ళకి పరువు. టీ బడ్డీ దగ్గర, "ఒక చెయ్యి చెట్టుకీ ఒక చెయ్యి ఫోనుకీ ఇచ్చేవాడు దింపువాడేంట్రా, సినిమావాడు" అని వినపడేలా అనేవాళ్ళు. వాళ్ళలో సత్తిబాబు ఒక్కడే ఏమీ అనేవాడు కాదు. కాలవకి ఇవతల తోటలు శివనాగరాజువి, అవతలివి సత్తిబాబువి. ఒకరి దింపు తోటలో ఇంకొకరు చెట్టెక్కరు. పిలవకుండా ఎక్కితే తోట లాక్కున్నట్టే. అది వాళ్ళలో కాయితం లేని కట్టుబాటు.

అమలాపురంలో రైతుల మీటింగుకి పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. విజయ వెనక వరసలో కూర్చుంది. ఒక శాస్త్రవేత్త గారు ముందుగా ఏం చదివేవని అడిగారు. ఆరో తరగతండి అంటే హాల్లో కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"మందు కొట్టిన తోట చూసేవు సరే. కొట్టని తోట ఎక్కి చూసేవా?"

"చుట్టుపక్కల నా తోటలన్నిటికీ కొట్టేరండి. కొట్టనివి వేరేవాళ్ళ దింపండి. ఎక్కకూడదండి."

హాలు మళ్ళీ నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అతను విజయతో ఒక్క మాటే అన్నాడు, ఆయన ఎప్పుడైనా చెట్టెక్కేడా అని. అడిగినదాంట్లో తప్పేముందని ఆమెకి అనిపించింది గానీ, ఆ మొహం చూసి ఊరుకుంది.

అంబాజీపేటలో కొబ్బరి కొనే సూర్యప్రకాష్ గారొక్కడే ఆ వీడియోలేవీ చూడనివాడు. "నీ వెనకాల ఎన్ని లక్షలమంది ఉంటే నాకేంటయ్యా. నీ పోగులో లేతకాయ ఉండదు, అంతే నాకు కావాలి" అనేవాడు. శివనాగరాజు తెచ్చిన పోగులో కాయ కొట్టి చూసే అలవాటు ఆయనకి లేదు. విజయకి లోకంలో అందరికంటే ఆయన మీదే గౌరవం.

వానలు పడ్డాక సత్తిబాబుకి జ్వరం వచ్చింది. మంచం దిగలేక, ఈ ఒక్క దింపూ నువ్వు చేసిపెట్టరా అని కబురు చేశాడు. మొగుడూ పెళ్ళాలు కాలవ దాటి వెళ్ళారు. ఆ రోజు శివనాగరాజు ఒక్కో చెట్టు మీదా చాలాసేపు ఉండిపోయాడు. మధ్యాహ్నం దిగి, సద్దన్నం మూట కూడా విప్పకుండా కాలవ గట్టున కూర్చున్నాడు. ఆ సాయంత్రమే, బుల్లబ్బాయి గారి తోట వీడియో తీసెయ్యమన్నాడు. విజయ ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఇది తీసేస్తే మనకేం మిగుల్తుందండీ?"

"తియ్యి."

తీసేసింది. మర్నాడు పొద్దున్న ఇంకో వీడియో పెట్టించాడు. నిమిషమున్నర. నూట పద్నాలుగు మంది చూశారు. అందులో ఎన్నిసార్లు తనే చూసిందో విజయకి తెలుసు.

మొదటిది పోయిన సంగతి మాత్రం అందరికీ తెలిసింది. డబ్బిస్తే లొంగనివాడెవడు అని దుర్గాశ్రీనివాస్ షాపుకొచ్చినవాళ్ళందరితో అన్నాడు. దింపువాళ్ళు సినిమా అయిపోయిందన్నారు. మీటింగు పెట్టినవాళ్ళు మళ్ళీ పిలవలేదు. మందు కొట్టడం మానేసిన రైతులు మమ్మల్ని ముంచి వాడు తేలాడన్నారు. ఎవరి తక్కెడ వాళ్ళదే గానీ, తూకం మాత్రం అందరికీ ఒక్కటే వచ్చింది.

బుల్లబ్బాయి గారు ఈసారి దింపుకి పిలవలేదు. వేరే ఊరివాళ్ళని పెట్టుకున్నామని పాలేరు చేత చెప్పించాడు. ఆ వెనక ఇంకో మూడు తోటలు పోయాయి. అది కూడా విజయ ఓర్చుకుంది. అంబాజీపేటలో పోగు దించిన రోజున సూర్యప్రకాష్ గారు, ఎప్పుడూ లేనిది, కత్తి తీసుకుని వంగి పోగులోంచి ఒక కాయ తీసి కొట్టాడు. ముదురుకాయే. ఇంకోటి తీసి కొట్టాడు. అదీ ముదురే.

"ఏమీ అనుకోకు. నలుగురూ అంటున్నారు కదా."

"ఆయ్. చూసుకోండి" అన్నాడు శివనాగరాజు.

వచ్చేటప్పుడు విజయ ఉండబట్టలేక అంది, సత్తిబాబు తోట సంగతి మన ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలిసేది కాదు కదా, చెప్పకపోతే ఎవరడిగేవారు అని. నేనెక్కి చూసేను కదే అన్నాడతను. ఇప్పుడతను తెల్లారకుండా మొదటి బస్సెక్కి అంతర్వేది వైపు, మొహం తెలియని తోటలకి రోజుకూలికి పోతున్నాడు. ఫోను ఇంట్లో వదిలేసి వెళ్తాడు.

ఆ రెండో వీడియో పెద్దగా ఎవరూ చూడలేదు కాబట్టి అందులో ఏముందో చెప్పాలి. అది సత్తిబాబు తోటలో తీసింది. ఆ తోటలో చెట్లు ముప్పై ఒకటి. వాటిలో ఒక్కదానికి కూడా మందు కొట్టలేదు. వాటి పిందె కూడా అలాగే రాలిపోయింది. కారణం నాకు తెలియదండి, మందు వల్లనే అని నేను చెప్పింది తప్పు, అని అతను మొవ్వులో కూర్చుని చెబుతాడు.