సాయంత్రం తొంభై తొమ్మిది

మా ముత్తాత, తాత, నాయన ముగ్గురూ మాడుగులపల్లి పక్క ఊరికి పటేళ్లు. తాసీల్దారు వచ్చినా మా గడపలోనే దిగేవాడు. నా కాలానికి మిగిలింది చింతతోపు వెనక వానకు పండే చెలక ఒక్కటే. ఫౌజులో చేరాను.

పోలీసు చర్య తర్వాతి ఎండాకాలం మమ్మల్ని సూర్యాపేట నుంచి కోదాడ దారిలోని వంతెన కాపలాకు పంపారు. రెండు గుడారాలు, ఇసుక బస్తాలు, ఒక వైర్‌లెస్ పెట్టె. నీడ లేదు.

మూడో రోజు ముల్లు దిగి నా కాలు వాచింది. కాలు మానేదాకా రెండు పూటలా జ్వరం చూడాలని రూలు. నర్సింగ్ హవల్దారు చూశాడు. సాయంత్రం నాలుగింటికి తొంభై తొమ్మిది. తెల్లవారి అయిదింటికి తొంభై ఏడున్నర. వారమంతా అదే వరస. దగ్గు లేదు, నీరసం లేదు. కాలు మానింది.

"పొద్దున దిగుద్ది, సాయంత్రం ఎక్కుద్ది. ఇది క్షయ జొరమేనయ్యా" అన్నాడు కోదాడ వైపు మనిషైన ఆ హవల్దారు. ఇంకెవరూ ముట్టకుండా నేను చాయ్ తాగే కప్పుకు ఎర్రదారం కట్టి గుడారం బయట మేకుకు తగిలించాడు.

నా పక్క మంచం వైర్‌లెస్ సిపాయిది. సూర్యాపేటవాడు. "జర నా నోట్ల గూడ పెట్టి సూడు పటేలా, నాకెంతొస్తదో" అని నవ్వాడు. హవల్దారు నా దగ్గర వదిలిన థర్మామీటరుతోనే రెండు పూటలా చూశాను. అవే అంకెలు. రాసిన కాగితం హవల్దారు ముందు పెట్టాను.

"ఒకే గుడారంలో పడుకుంటిరి. ఇతనికీ అంటుకుంది" అన్నాడు.

"మీరూ నోట్లో పెట్టుకుని చూసుకోండి."

"నాకెందుకయ్యా? నేను రాయిలా ఉన్నాను."

కాగితం తీసుకుని బయటికి రాగానే వైర్‌లెస్ సిపాయి నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నీకు దండం పెడత. ఆ కాగితం సింపెయ్. మా సెల్లె పెండ్లి పెట్టుకున్నం. ఈ రోగం పేరు బయట పడితే అంతా ఖతం."

చింపాను. ఆ రోజే అతను పెట్టె ముందు కూర్చుని, నా వైపు చూడకుండా సందేశం పంపాడు. "క్షయ కేసు ఒకటి. ట్రక్కు పంపండి. ఓవర్."

సూర్యాపేటలో ఫౌజు డాక్టరు చార్టు చూశాడు. నన్ను చూడలేదు. నన్ను నిలబెట్టిన చోటే, ఫౌజుకు పనికిరానని సంతకం చేసి ఇంటికి పంపేశాడు.

నెల తర్వాత మిర్యాలగూడ దవాఖానలో ఒక ముసలి డాక్టరు నా ఛాతీ విన్నాడు. రెండు వారాలు రెండు పూటలా తానే జ్వరం చూశాడు. "నీకేం లేదు బిడ్డా. అందరి ఒళ్లు గిట్లనే ఉంటది. తెల్లారంగ సల్లగ, పొద్దుగూకంగ జర ఎచ్చగ. నాకూ అంతే" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. అంత మాత్రం తెలియని మనిషి చేతికి థర్మామీటరు ఎవరిచ్చారు? చూడకుండా సంతకం పెట్టే హక్కు ఎవరిచ్చారు? ఈనాటికీ గోడకు మేకు కనబడితే చాలు, ఎర్రదారంతో ఊగే నా కప్పే కళ్లముందుకొస్తుంది.

నేను మిర్యాలగూడ నుంచి ఇంటికి వచ్చేసరికే నా మందుల కోసమని మా అన్న చింతతోపు వెనక చెలక అమ్మేశాడు.