నీళ్లొచ్చేదాకా మా దగ్గరున్న రాణి

మా ట్రస్టు మీటింగు నెలనెలా రెండో శనివారం మధ్యాహ్నం మొదలవుతుంది. మొదలవుతుందంటే, ఆ వేళకు నేను పోయి కూర్చుంటాను. మిగతావాళ్లు వచ్చేసరికి ఫ్లాస్కులో టీ చల్లారిపోతుంది. ఫ్యాను తిరిగితే తిరుగుతుంది, లేకుంటే పాత క్యాలెండరు అట్టతో విసురుకుంటాను.

కళ్యాణదుర్గంలో ఒకప్పుడు మా అత్తగారివాళ్ల శనక్కాయల మిల్లు ఉండేది. వానలు ముఖం చాటేసి, కాయలు రావడం తగ్గి, మిల్లు మూతపడ్డాక మా ఇంటాయన ఆ కట్టడాన్ని ట్రస్టుకు రాసిచ్చాడు. ఇప్పుడు ముందు గదిలో చిన్న మ్యూజియం ఉంది. తోలుబొమ్మలు, కంబళ్లు నేసే మగ్గం సామాను, మూగబోయిన వాయిద్యాలు కొన్ని. వెనక షెడ్డులో శిక్షణ. చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లలు అక్కడ తోలు మీద బొమ్మ కోయడం, రంగులు వేయడం నేర్చుకుంటారు. పాత వస్తువును ఎలా పట్టుకోవాలి, చెడిపోకుండా ఎలా దాచాలి అన్నదీ నేర్చుకుంటారు. గోడల నుంచి ఇప్పటికీ శనక్కాయల నూనె వాసన వస్తుంది. ఆ వాసనకు నా కడుపు చల్లగా ఉంటుంది.

ఆయన పోయాక ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన సాయంత్రం ఎద్దులను కట్టేసి వచ్చి, దీపం ముందు పలక పెట్టి దిద్దించిన అక్షరాలే నా చదువు. దేవుడి ముందు నాలుగు శ్లోకాలు చదువుకోవడానికి, బస్సు బోర్డు చూసి ఎక్కడానికి అది చాలింది. అందుకే రోజూ మా నాయనకు ఒక దండం పెట్టుకుంటాను. ట్రస్టులో మాట్లాడడానికి మాత్రం ఆ చదువు చాలదనుకునేదాన్ని. మాట్లాడే అవసరమూ ఎవరూ రానివ్వలేదు.

మేము ఏడుగురం. నలుగురు కూర్చుంటేనే మీటింగు చెల్లుతుంది. పట్నంలో ఉండే ఇద్దరు ఫోటోల రోజు తప్ప రారు. ఇంకొకాయన ఎప్పుడు చూసినా ఎవరిదో పెళ్లిలో ఉంటాడు. మిగిలింది ప్రెసిడెంటు, సెక్రెటరీ, ఒక రిటైరైన డ్రాయింగు మాస్టరు, నేను. ప్రెసిడెంటు మా వైపు పెద్ద రైతు, రాజకీయాల్లో నలిగిన మనిషి. మంచివాడే, కానీ ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగలేడు. సెక్రెటరీ ఒకప్పటి హెడ్మాస్టరు, రాసుకున్నది రాసుకున్నట్టు జరగాలంటాడు. ఇక నా పని నాలుగో మనిషిగా కూర్చోవడం. మోకాళ్లు నొప్పి పుట్టినా, కళ్లు మూతలు పడుతున్నా కూర్చునేదాన్ని. దేవుడు మనిషికొక పని ఇస్తాడు. నాకు కూర్చునే పని ఇచ్చాడని సర్దుకున్నాను.

మ్యూజియంలో అందరూ నిలబడి చూసేది రాణి బొమ్మనే. నిలువెత్తు తోలుబొమ్మ. వెనక లైటు వేస్తే చీర మీది చిల్లుల్లోంచి వెలుగు రాలుతున్నట్టుంటుంది. గుమ్మఘట్ట వైపు నుంచి వచ్చి మా పిల్లలకు ఆట నేర్పే ముసలాయన ఆ బొమ్మను తెచ్చిచ్చాడు. వాళ్లమ్మ ఆడించిన బొమ్మ అది. ఏ కథలో రాణి కావాలన్నా ఆ బొమ్మే తెర మీదికి వచ్చేదట. "పిల్లోళ్లకు చూపించుకోండి. పనైనాక ఇచ్చేయండి," అన్నాడు ఇచ్చిననాడు. పని ఎప్పుడవుతుందో ఎవరూ అడగలేదు.

నేను పొద్దున ఆ దారిన పోతే రాణి ముందు ఒక మందార పువ్వు పెట్టేదాన్ని. మ్యూజియం పని నేర్పే అమ్మాయి చూసినప్పుడల్లా తీసేసేది. ఆమెది గార్లదిన్నె దగ్గరి ఊరు. బయట చదువుకుని, బయట ఉండిపోకుండా తిరిగొచ్చింది. "పువ్వుకు పురుగొస్తాది పెద్దమ్మా. ఆ పురుగు తోలును తింటాది," అనేది. సరేనమ్మా అనేదాన్ని. మరుసటి రోజు మళ్లీ పెట్టేదాన్ని.

ఒక ఎండాకాలం మీటింగులో ముసలాయన గడప దగ్గర నిలబడి అడిగాడు.

"సామీ, రాణెమ్మ చెయ్యి మోచేతికాడ చినిగిపోయింది. ఇంగ ఆడదు. ఆడని బొమ్మను పారే నీళ్లకు ఇయ్యల్ల. ఆయమ్మను సాగనంపనిదే కొత్త రాణిని తెర మీదికి ఎక్కించకూడదు. నేను కొత్త బొమ్మ కోసి పెట్టినా. మా కోడలికి గొంతుండాది. మాయమ్మ పాటలన్నీ పట్టుకునింది. నా కండ్లు కనపడతాండంగానే ఆ బిడ్డను తెర ఎనకాల కూర్చోబెట్టల్లని."

అది వాళ్ల ఆచారం. చినిగిన బొమ్మ వాళ్లకు చనిపోయిన మనిషితో సమానం. పసుపు కుంకుమ పెట్టి, అన్నం చూపించి, నీళ్లలో వదులుతారు.

మ్యూజియం అమ్మాయి ముఖం వాడిపోయింది. "అంత పాత బొమ్మ మళ్లీ యాడ దొరుకుతాది? చెయ్యి నేను అతికిస్తా తాతా," అంది.

"అతికిస్తే నిలబడుతుందమ్మా. ఆడదు," అన్నాడు ఆయన నెమ్మదిగా.

అప్పుడు ప్రెసిడెంటు చేసిన పని మా నేల మీద పుట్టినవాళ్లు మాత్రమే చేస్తారు. మా సీమలో కాదనాల్సి వస్తే మొహం మీదే కాదంటారు. కానీ పెద్దమనిషినో చుట్టాన్నో కాదనాల్సి వస్తే దాన్ని వాన మీద పెడతారు. బిడ్డ పెళ్లి ఎప్పుడంటే వాన పడనీ అంటారు. ఇంటికి సున్నం ఎప్పుడంటే చెరువు నిండనీ అంటారు. అడిగినవాడికి అర్థమవుతుంది, చెప్పినవాడికి నోరు చెడదు.

"దానికేముంది పెద్దాయనా, మీ గుమ్మఘట్ట డ్యాముకు నీళ్లు రానీ. ఆ పొద్దే ఇచ్చేస్తాం. డ్యాంలో గొర్రెలు మేస్తాండాయి కదా, ఇప్పుడు యాడ వదుల్తావు ఆయమ్మను?" అన్నాడు ప్రెసిడెంటు. సెక్రెటరీ అదే మాటను తీర్మానంగా రాశాడు. డ్యాముకు నీళ్లు వచ్చేవరకు బొమ్మ ట్రస్టు సంరక్షణలో ఉండును అని. ముసలాయన చేతులు జోడించి, "చాలు సామీ. నీళ్లే సాక్షి," అని వెళ్లిపోయాడు.

తలనొప్పి తీరిందని ప్రెసిడెంటు ఇంకో టీ అడిగాడు. నేనూ లోపల హమ్మయ్య అనుకున్నాను. ఎవరినీ నొప్పించకుండా ఇంటికి పోవచ్చు కదా.

తర్వాత ఏళ్లకేళ్లు గడిచాయి. మబ్బు పట్టేది, గాలి వచ్చేది, మబ్బు పోయేది. ముసలాయన పాఠానికి వచ్చినప్పుడు ఎవరినీ అడిగేవాడు కాదు. రాణి ముందు కాసేపు నిలబడి, పిల్లల దగ్గరికి పోయేవాడు. కొత్త బొమ్మ వాళ్లింట్లో గుడ్డలో చుట్టి ఉందని, కోడలు కూలికి పోయి వస్తూ దారిలో పాడుకుంటుందని చెప్పేవాడు. ఈమధ్య నా గొంతును బట్టి నన్ను గుర్తుపడుతున్నాడు. కళ్లు అంతగా మసకబారాయి.

పోయిన ఏడు వాన వచ్చింది. వచ్చిన వానకూ తీరు లేదు. కాయ పీకే వేళకు కురిసి, చేలల్లోనే శనక్కాయలు మొలకెత్తాయి. రైతులు ఆకాశాన్ని తిట్టారు. పైన కర్ణాటకలోనూ బాగా కురిసి, వేదవతి ఏరు పారి డ్యాం నిండింది. జనం ఆటోలలో టిఫిను డబ్బాలు కట్టుకుని నీళ్లు చూడడానికి పోయారు.

శుక్రవారం ప్రెసిడెంటు ఫోను చేశాడు.

"అమ్మా, రేపు మీరు రావద్దులే. మోకాళ్లకు రెస్టియ్యండి."

"ఎందుకన్నా?"

"ఎందుకంటే... ఆ ముసలాయన వస్తాండాడు. నేను లేకుంటే బాగుండదు. మీరు రాకుంటే మీటింగే లేదు. మీటింగు లేకుంటే ఎవరి మాటా పోదు. ఆ బొమ్మ లేకుంటే మన మ్యూజియానికి వచ్చేదెవరమ్మా?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ సాయంత్రం మ్యూజియం అమ్మాయి కూడా ఇంటికి వచ్చి గడప మీద కూర్చుంది. "పెద్దమ్మా, పాత వస్తువును పోగొట్టుకోకూడదనే కదా పిల్లలకు నేర్పిస్తాండా. రేపు వాళ్ల ముందర నేనే దాన్ని నీళ్లలో పారేస్తే వాళ్లకేం చెప్పల్ల?" అంది. మజ్జిగ ఇచ్చి పంపించాను.

శనివారం దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను. నువ్వే చెప్పు స్వామీ అన్నాను. ఆయనేమీ చెప్పలేదు, మోకాళ్లు మాత్రం సలిపాయి. పడుకుందామనే అనిపించింది. ఇన్నేళ్లుగా కూర్చుని కూర్చుని అలసిపోయాను, పైగా రావద్దని వాళ్లే అంటున్నారు. మంచం మీద వాలాను కూడా. కానీ నీళ్లే సాక్షి అని ముసలాయన అన్న మాట ఒకటే చెవిలో తిరిగింది. మనిషిని సాక్షిగా పెట్టుకుంటే ఆ మనిషి మరిచిపోతాడని ఆశ ఉంటుంది. మేము నీళ్లను పెట్టుకున్నాం. అవి వచ్చి నిలబడ్డాయి. చెప్పులు వేసుకున్నాను.

నన్ను చూసి ప్రెసిడెంటు నిట్టూర్చి, కుర్చీ మాత్రం తనే లాగాడు. ముసలాయన, ఆయన కోడలు గడప దగ్గర నిలబడి ఉన్నారు.

"ఏమప్పా, డ్యాం నిండిందని నీకెవరు చెప్పినారు?" అన్నాడు ప్రెసిడెంటు.

"చెప్పేదేంది సామీ, మా ఊరి దావ మునిగిపోయింది. చుట్టూ తిరిగొచ్చినాము."

"అయినా అవి మన వాన నీళ్లు కాదు కదప్పా. కర్ణాటక నీళ్లు."

"మా ఆటలో సగం మాటలు కన్నడమే సామీ. ఆయమ్మకు పట్టింపు లేదు."

డ్రాయింగు మాస్టరు తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. సెక్రెటరీ గొంతు సవరించుకుని, "మనం రాసుకున్నదాంట్లో ఏ రాష్ట్రం నీళ్లో లేదు," అన్నాడు.

ప్రెసిడెంటు నా వైపు తిరిగాడు. అడిగితే నేను ఎప్పటిలాగే మీ ఇష్టమన్నా అంటానని ఆయన ధైర్యం. "మీరేమంటారమ్మా?"

"నీళ్లొచ్చినాయి కదన్నా," అన్నాను.

ఆ గదిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ప్రెసిడెంటు సెక్రెటరీ ముందున్న తీర్మానాల పుస్తకం మూసేశాడు. "సరే. తీసుకుపొమ్మనండి," అన్నాడు. కోపంగా అనలేదు, అలసటగా అన్నాడు. ఆ అలసట నాకు తెలిసిందే.

డ్యాం దగ్గరికి ప్రెసిడెంటు రాలేదు కానీ తన జీపు పంపించాడు. మ్యూజియం అమ్మాయి వచ్చింది. రాణిని తెల్లగుడ్డ మీద పడుకోబెట్టి, ముసలాయన తడుముకుంటూ నుదుటి చోటు వెతికి కుంకుమ పెట్టాడు. కోడలు పెరుగన్నం చూపించి కర్పూరం వెలిగించింది. ఇద్దరూ మోకాటిలోతు నీళ్లలో దిగి వదిలితే బొమ్మ మునగలేదు. తేలుతూ మా వైపే తిరిగి వచ్చింది. చినిగిన చేతికి మ్యూజియం నంబరు చీటీ ఇంకా కట్టే ఉంది.

"అది తియ్యమ్మా," అన్నాడు ముసలాయన చీటీని తడిమి చూసి. "పొయ్యే మనిషికి నంబరేంటికి?"

ఎవరూ కదలకముందే మ్యూజియం అమ్మాయి చుడీదారుతోనే నీళ్లలోకి దిగింది. దారం లాగలేదు. పిల్లలకు చూపించినట్టే ఒక చేత్తో తోలుకు కింద ఆసరా పెట్టి, ఇంకో చేత్తో ముడి విప్పింది. తోలు తడిసి మెత్తబడుతోంది. రెండు చేతులతో బొమ్మను ముందుకు నెట్టి, అది లోతుకు పోయేదాకా అక్కడే నిలబడింది.

"ఇంగ పాడు బిడ్డా," అన్నాడు ముసలాయన. కోడలు మమ్మల్ని చూసి సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండు చరణాలు పాడింది. మూడోది మరిచిపోయింది. ఆయనే అందించాడు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో మ్యూజియం అమ్మాయి నా పక్కన కూర్చుంది. తడిసిన చీటీ ఆమె గుప్పిట్లోనే ఉంది.

"ఈ నంబరు ఇంకో బొమ్మకు వెయ్యకూడదు పెద్దమ్మా," అంది చాలా దూరం పోయాక. "ఒక వస్తువుకు వేసినామంటే అది ఆ వస్తువుదే. అట్లే ఖాళీగా పెట్టల్ల."

"పెట్టమ్మా," అన్నాను.

దారి పొడుగునా కుళ్లిన శనక్కాయ చెట్ల వాసన. ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నా మోకాళ్లు తిమ్మిరెక్కాయి. ఆమె లేస్తుందని కాళ్లు చాపుకోకుండా, కళ్యాణదుర్గం వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.