డబ్బు పడ్డట్టు ముందు ఎవరికి తెలియాలి

కరోనా సద్దుమణిగిన మరుసటి జూన్‌లో, వేసవి సెలవుల తర్వాత కోర్టులు తెరిచిన రోజునే, విజయవాడలోని ఒక సివిల్ కోర్టు అకౌంట్స్ సెక్షన్‌లో సూపరింటెండెంట్‌గా చేరాను. అంతకు కొద్ది నెలల ముందే అక్కడ చెక్కులు ఆగిపోయాయి. కోర్టులో జమ ఉన్న డబ్బు కావలసినవారు పూర్వం చెక్ పిటిషన్ వేసి, జడ్జిగారి ఉత్తర్వు మీద చెక్కు తీసుకునేవారు. ఇప్పుడు పిటిషన్‌తో పాస్‌బుక్ నకలు పెడితే డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. గుమాస్తా బిల్లు తయారుచేస్తాడు, సూపరింటెండెంట్ సరిచూస్తుంది, జడ్జిగారు కంప్యూటర్‌లో ఆమోదిస్తారు. ఆపైన వెనక్కి రాదు. ఈ పద్ధతి కోసం బార్ రూమ్ గుమ్మంలో నేను పెట్టుకోని తగువు లేదు. చెక్కు చేతికొచ్చిన రోజే ఫీజు రాబట్టుకునే అలవాటున్న వకీళ్ళకు నేనంటే పడేది కాదు. వాళ్ళకు నచ్చాలని నాకూ లేదు.

ఆ శ్రావణంలో రత్తమ్మగారి పిటిషన్ వచ్చింది. హనుమాన్ జంక్షన్ దగ్గర రోడ్డు వెడల్పులో పోయిన పొలానికి పరిహారం, దాయాదుల తగువు వల్ల కోర్టులో జమైంది. తగువు తేలి ఆవిడకూ ఆవిడ తమ్ముడికీ చెరి సగం వచ్చింది. తీరా చూస్తే రెండు పిటిషన్లకూ జతచేసింది ఒకటే పాస్‌బుక్, తమ్ముడిది. ఆడపిల్ల వాటా మింగడానికి ఇదొక కొత్త దారి కాబోలనుకున్నాను. ఎవరి వాటా వారి ఖాతాకే వెళ్ళాలని ఆక్షేపణ రాసి తిప్పి పంపాను. వారంలో వకీలు రత్తమ్మగారి సొంత పాస్‌బుక్ నకలు పెట్టి మళ్ళీ దాఖలు చేశారు. బిల్లు సరిచూసి జడ్జిగారికి పంపబోతుండగా అక్కాతమ్ముళ్ళిద్దరూ నా బల్ల ముందుకు వచ్చారు.

"నువ్వేనా అమ్మాయ్, మా తమ్ముణ్ణి దొంగ కింద కట్టింది?" అంది ఆవిడ.

దొంగని రాయలేదు, నిబంధన రాశానన్నాను.

"నీ నిబంధన చల్లగుండ. నా ఖాతాలో డబ్బులు పడితే టింగుమనేది మావాడి జేబులో, నా కొడుకు జేబులో. ఖాతా తెరిచిననాడు నాకు ఫోను లేదు, వాడి నంబరే ఇచ్చాం. మూడు లారీలు కొన్నాడు, మూడూ పోయినయ్. నాలుగోదానికి బేరమాడుతున్నాడు. డబ్బు పడ్డట్టు తెలిసిందా, 'అమ్మా, ఒక్క సంతకం' అంటాడు, నేను కాదనలేను. అందుకే తమ్ముడి ఖాతా ఇచ్చాం. ఇదొక్కటన్నా నా పేరున డిపాజిట్ ఏసుకోనీవా?"

"తమ్ముడి ఖాతాలో వేస్తే ఆయన కొడుకులకు లారీలు వద్దాండీ?"

"వాడికి కొడుకుల్లేరు. అల్లుడే."

"అల్లుడైతే మరీ క్షేమం," అన్నాను. తమ్ముడు ఫక్కున నవ్వాడు. ఆవిడ నవ్వలేదు గాని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

బిల్లు నా దగ్గరే ఆపి, బ్యాంకుకు వెళ్ళి నంబరు మార్పించుకోమన్నాను. పదేళ్ళు డ్వాక్రా గ్రూపు నడిపిన మనిషి నాకే పాఠం చెప్పింది: నంబరు మారిందన్న మెసేజ్ పాత నంబరుకూ పోతుందట. అది నాకు తోచలేదు. అయితే ఖాతా ఆమె పేరున ఉండాలనే గాని, ఫలానా ఖాతాయే కావాలని నిబంధన అనదు. ఆ మధ్యాహ్నమే ఆవిడ పటమటలో తమ్ముడింటి పక్కనున్న బ్యాంకులో, ఇప్పుడు తన దగ్గరున్న ఫోను నంబరుతో కొత్త ఖాతాకు దరఖాస్తు ఇచ్చింది. ఖాతా నంబరు రాగానే, డబ్బు దానికే పంపమని వకీలు కోర్టులో మెమో వేశారు. ఖాతా ఎందుకు మారిందని జడ్జిగారు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమోదించారు. డబ్బు పడ్డాక రెండు రోజులకు రత్తమ్మగారు ఫోన్ చేసింది. "డిపాజిట్ బాండు తీసుకున్నా. ఇక మావాడికి నేనే చెబుతాలే."

చెక్కుల కాలమే మంచిదంటే ఇప్పటికీ ఒప్పుకోను. కాని చెక్కు మనిషి చేతికి వెళ్ళేది. ఖాతాకు పంపిన డబ్బు ముందుగా ఫోనుకు వెళుతుంది. ఆ నెల నుంచి, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునేదాకా, ప్రతి పిటిషన్‌దారునీ ఒక ప్రశ్న అదనంగా అడిగించాను: ఈ ఖాతాకు ఇచ్చిన ఫోను ఎవరి దగ్గర ఉంటుంది?